నేపుల్స్ పీతలు చెప్పిన సాక్ష్యం

1787లో నేపుల్స్‌లో ఫిలిప్పో కవోలిని అనే ప్రకృతి శాస్త్రవేత్త చేపలు, పీతల సంతానోత్పత్తి గురించి ఒక గ్రంథం అచ్చువేశాడు. ఆ అఖాతంలో దొరికే కొన్ని పీతలకు పొట్ట కింద, గుడ్లు ఉండాల్సిన చోట, ఒక మెత్తని సంచి వేలాడుతోందని అందులో రాశాడు. ఆ సంచిలోంచి నలుసంత జీవులు ఈదుకుంటూ బయటికి రావడం కూడా చూశాడు. అది ఏమిటో నిలకడగా తేలడానికి దాదాపు వందేళ్లు పట్టింది. దాన్ని మోసే పీత ఆకారం ఎందుకు మారుతోందో తెలియడానికి మరో డెబ్బై ఏళ్లు పట్టింది. ఈ ఆలస్యాన్ని సూక్ష్మదర్శినుల కొరత మీదకు నెట్టడం తేలికే గాని, అది సగం కారణమే. మిగతా సగం చూపుకు సంబంధించింది. పండితులంతా సంచినే చూశారు. పీతను ఆ సంచి తగిలించిన కొయ్యలా వదిలేశారు. మారిన పీత ఒంటినే సాక్ష్యంగా తీసుకుని, పరాన్నజీవి ఏం చేసిందన్న ప్రశ్నతో పాటు పీత ఒంట్లో ముందే ఏముందన్న ప్రశ్న వేసినప్పుడే చిక్కుముడి వీడింది. ఈ వ్యాసంలో నేను నిరూపించదలచుకున్నది అదే.

ముందు కంటికి కనిపించేదేమిటో చెప్పుకోవాలి. పీతను వెల్లకిలా తిప్పితే పొట్ట కింద ఒక మడత కనిపిస్తుంది. అది నిజానికి ముడుచుకుపోయిన తోక. మగదానిలో సన్నగా, కోసుగా ఉంటుంది. ఆడదానిలో వెడల్పుగా, గుండ్రంగా, గుడ్లను కప్పిపెట్టడానికి వీలుగా ఉంటుంది. రేవుల్లో పీతలు బేరం చేసేవాళ్లు ఆడో మగో చెప్పేది దీన్ని చూసే. ఆడ పీత మడత లోపల ఈకల్లాంటి చిన్న అవయవాలుంటాయి, గుడ్లు వాటికే అంటుకుంటాయి. మగదానికి వాటి బదులు జతకట్టడానికి పనికొచ్చే రెండు జతల పుల్లల్లాంటి అవయవాలుంటాయి. చాలా జాతుల్లో మగదాని డెక్కలు పెద్దవి. సంచి సోకిన మగ పీతలో ఈ గుర్తులన్నీ తారుమారవుతాయి. మడత వెడల్పవుతుంది, డెక్కలు చిన్నబోతాయి, జతకట్టే పుల్లలు కుంచించుకుపోతాయి, కొన్నింటిలో గుడ్లు మోసే ఈకలు కూడా మొలుస్తాయి. లేత ఆడ పీతకు సోకితే అది ఇంకా ఎదగకముందే మడత ఎదిగిన ఆడదానిలా వెడల్పవుతుంది. ఆడదైనా మగదైనా సాధారణంగా పిల్లల్ని కనే శక్తి పోతుంది.

ఆ సంచి పేరు సాక్యులినా. పడవల అడుగున, రేవు స్తంభాలకు గట్టిగా అంటుకుని పెరిగే గుల్ల జీవులు బార్నకిల్స్ ఉన్నాయే, వాటికి ఇది దగ్గరి చుట్టం. చూస్తే ఎవరూ నమ్మరు. కాళ్లు లేవు, పెంకు లేదు, కళ్లు లేవు, నోరు లేదు, పేగు లేదు. బయటికి కనిపించే సంచి నిండా గుడ్లే. అసలు శరీరం లోపల ఉంటుంది: గుడి గోడలో దిగిన రావి వేళ్లలా సన్నని పోగులు పీత పేగును చుట్టుకుని, ఒళ్లంతా పాకి, కాళ్ల చివరల దాకా వెళతాయి. పీత రక్తంలోని ఆహారాన్ని ఆ పోగులే పీల్చుకుంటాయి. పీతను మాత్రం చంపవు. అది తింటూ తిరుగుతూనే ఉంటుంది, కాకపోతే దాని తిండి ఇంకొకరి సంతానానికి పోతుంది.

ఇంత రూపం మారిన జీవికి బంధువులెవరో చెప్పడానికి దాని పిల్లలే ఆధారమయ్యాయి. ఐర్లండ్‌లోని కార్క్‌లో ఉన్న సైనిక వైద్యుడు జాన్ వాఘన్ థాంప్సన్, బార్నకిల్స్ నత్తల జాతి కావని, రొయ్యలు పీతల జాతికి చెందినవని 1830లో వాటి పిల్లల్ని పెంచి చూపించాడు. 1836లో పీత సంచిలోంచి వచ్చే పిల్లలు కూడా అచ్చం అలాంటివేనని రాశాడు. 1862లో బ్రెజిల్‌లో స్థిరపడిన జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త ఫ్రిట్జ్ ముల్లర్ ఈ గుంపుకు రైజోసెఫలా అని పేరు పెట్టాడు. సంచిలోంచి వచ్చిన పిల్ల మరో పీత ఒంట్లోకి ఎలా చేరుతుందో మాత్రం ఎవరికీ తెలియలేదు. దాన్ని 1884లో యీవ్ డెలాజ్ ఫ్రాన్స్‌లోని రోస్కాఫ్ సముద్ర పరిశోధన కేంద్రంలో పట్టుకున్నాడు. ఈదే ఆడ సాక్యులినా పిల్ల, పీత ఒంటి మీది ఒక వెంట్రుక మొదట్లో అతుక్కుంటుంది, కాళ్లనూ కండరాల్నీ వదిలించుకుంటుంది, బోలు సూది ఒకటి మొలిపించి దాని గుండా తన కణాల ముద్దను పీత లోపలికి దింపుతుంది. ఈ మాట చాలామందికి మింగుడు పడలేదు. ఆల్ఫ్రెడ్ జియార్ గట్టిగానే వ్యతిరేకించాడు. మొత్తం జంతువు తనను తాను సూదిమందులా ఎక్కించుకోవడమేమిటని అనుమానించడంలో తప్పేమీ లేదు. డెలాజ్ చెప్పిందే నిజమని పోనుపోను తేలింది. 1995లో హెన్రిక్ గ్లెన్నర్, యెన్స్ హోగ్ ఆ సూదిలోంచి పురుగులాంటి కదిలే రూపం ఒకటి పీత లోపల దిగడాన్ని కూడా చూసి ప్రకటించారు.

డెలాజ్ పరిశోధన వెలువడే నాటికే సాక్యులినా ఐరోపాలో పేరు మోసింది, అయితే చెడ్డపేరు. 1879లో ఇంగ్లండ్‌లో రే లాంకెస్టర్ ఇచ్చిన ఉపన్యాసం మరుసటి ఏడాది పుస్తకమైంది. పరిణామమంటే ఎప్పుడూ పైకి ఎక్కడమే కాదని, సుఖంగా తిండి దొరికితే జీవులు దిగజారతాయని అతని వాదం. దానికి ముందు వరసలో నిలబెట్టిన ఉదాహరణల్లో సాక్యులినా ఒకటి. చురుగ్గా ఈదే పిల్ల, పెద్దయ్యాక వట్టి సంచి! నాలుగేళ్లు తిరక్కుండా స్కాట్లండ్ మతప్రచారకుడు హెన్రీ డ్రమ్మండ్ దీన్ని ప్రసంగ పీఠం ఎక్కించాడు. 1883లో వచ్చిన అతని పుస్తకంలో సాక్యులినా కష్టపడకుండా బతకాలనుకునే ఆత్మకు పట్టే గతికి గుర్తు. ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. పాపం, పీత సంగతి అందులో ఎవరికీ పట్టలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. లాంకెస్టర్‌ది నీతిబోధ కాదు, శాస్త్రమే; అవయవాలు కోల్పోవడం వాస్తవం, దాన్ని గుర్తించకపోతే సాక్యులినా బార్నకిల్స్ కుటుంబంలోదని చెప్పడమే కష్టం. నిజమే. ఆ మేరకు అతని సిద్ధాంతం పనికొచ్చింది. కాని అది ప్రశ్నను ఎక్కడ ఆపిందో కూడా చూడాలి. పరాన్నజీవి ఏమేం పోగొట్టుకుందో లెక్కపెట్టడంతో పని పూర్తయినట్టు అనిపించింది. పోగొట్టుకున్నది ఎంతో, సాధించింది అంత ఉందన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు. రోగనిరోధక శక్తి ఉన్న మరో జంతువు ఒంట్లో ఏళ్ల తరబడి దాక్కోవడం, దాని ఎదుగుదలనూ నడవడినీ తన పనికి తిప్పుకోవడం సోమరి చేసే పని కాదు. ఆతిథేయి ఒంటి మీద రుజువుగా నిలిచిన ఆ మార్పులు దిగజారుడు సిద్ధాంతానికి అవసరం లేనివి కాబట్టి పక్కన పడ్డాయి.

వాటిని మధ్యకు తెచ్చింది, విచిత్రంగా, డెలాజ్‌తో పోట్లాడిన జియారే. 1874లో ఉత్తర ఫ్రాన్స్‌లోని విమరోలో సొంతంగా ఒక చిన్న సముద్ర ప్రయోగశాల పెట్టుకున్న మనిషి ఇతను. 1880ల చివర్లో, పరాన్నజీవుల వల్ల ఆతిథేయి బీజకోశాలు పనిచేయకపోవడం, దాంతోపాటే ఆడ మగ గుర్తులు మారడం ఒక సాధారణ సూత్రమని ప్రతిపాదించాడు. ఒక్క సాక్యులినాయే కాదు, పీతలూ రొయ్యల మీద బతికే బోపిరస్ లాంటి పరాన్నజీవుల్ని కూడా జూల్ బోనియేతో కలిసి పరిశీలించాడు. రొయ్య చెంపల దగ్గర ఉబ్బుగా కనిపించే ఆ బోపిరస్‌ను చూసి, రొయ్యలకు చేపపిల్లలు పుడతాయని ఒకప్పుడు ఫ్రెంచి తీరంలో జాలర్లు నమ్మేవారు. 1772లోగాని అదొక వేరే జంతువని అక్కడి శాస్త్ర అకాడమీకి వివరణ చేరలేదు. జాలర్ల నమ్మకం తప్పే, చూపు మాత్రం తప్పు కాదు. రొయ్య ఒంట్లో ఏదో మారిందని వాళ్లు గమనించారు. జియార్ సూత్రంలో లోటల్లా కారణం లేకపోవడమే. బీజకోశం చెడితే మడత ఎందుకు వెడల్పవ్వాలి? ఎద్దుకు విత్తు కొడితే ఆవు అవదు కదా!

ఆ ప్రశ్నకు సరైన పీతలు దొరికిన చోటు మళ్లీ నేపుల్సే. జర్మన్ జంతుశాస్త్రవేత్త ఆంటోన్ డోర్న్ అక్కడ సముద్రం ఒడ్డున కట్టించిన పరిశోధన కేంద్రం 1873లో తెరుచుకుంది. దాని నిర్వహణకు డోర్న్ కనిపెట్టిన ఉపాయం ఆ రోజుల్లో కొత్తది. దేశదేశాల విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వాలు ఏటా సొమ్ము కట్టి ఒక్కో పనిబల్లను అద్దెకు తీసుకునేవి. వాళ్లు పంపిన పరిశోధకుడికి బల్ల, రసాయనాలు, పుస్తకాలు, రోజూ తాజా జంతువులు దొరికేవి. నగరవాసులు టికెట్ కొని చూసే చేపల ప్రదర్శనశాల కింది అంతస్తులో ఉండేది. జంతువుల సరఫరా చూసే సాల్వతోరే లో బియాంకో చిన్న వయసులోనే కొలువులో చేరి, ఏ జీవి ఏ నెలలో ఎంత లోతులో దొరుకుతుందో చెప్పగలిగేంత నేర్చాడు. ఒక్క పీతను చూసి సిద్ధాంతం చెప్పేయవచ్చు. వందల పీతల్ని, అన్ని వయసులవీ, అన్ని కాలాల్లోవీ పక్కపక్కన పెట్టి చూడాలంటే ఇలాంటి ఏర్పాటు కావాలి. ఈ చరిత్రలో పడవవాళ్ల చాకిరీకి దక్కాల్సినంత పేరు దక్కలేదనిపిస్తుంది.

ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన జెఫ్రీ స్మిత్ అక్కడి ఇనాకస్ అనే పొడుగు కాళ్ల పీతల్ని పట్టుకుని, 1906లో రైజోసెఫలా మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. మార్పు అన్ని మగ పీతల్లోనూ ఒకేలా లేదని, కొన్నింటిలో డెక్క కొంచెం తగ్గడంతో ఆగితే కొన్ని బయటి నుంచి చూస్తే అచ్చం ఆడవాటిలా ఉన్నాయని మెట్లుమెట్లుగా చూపించాడు. అన్నిటికంటే విలువైన సాక్ష్యం సంచి రాలిపోయి బతికిన కొన్ని మగ పీతల్లో దొరికింది. వాటి బీజకోశం మళ్లీ పెరిగింది, అయితే అందులో వీర్యంతోపాటు గుడ్లు కూడా తయారయ్యాయి. అదే ఏడాది కేంబ్రిడ్జ్‌కు చెందిన పాట్స్ సన్యాసి పీతల్లో, పెల్టోగాస్టర్ అనే మరో రైజోసెఫలా సోకిన మగవాటిలో, ఇలాంటి గుడ్లనే చూశాడు. అంటే ఇది పైపై వేషం కాదు. మగ పీత ఒంట్లో ఆడ పీతకు కావాల్సిన నమూనా అంతా ముందే ఉంది. పరాన్నజీవి దాన్ని బయటినుంచి తెచ్చి పెట్టలేదు.

స్మిత్ ఇచ్చిన వివరణ మాత్రం నిలవలేదు. ఆడ పీత అండాశయం గుడ్ల కోసం రక్తంలోంచి కొవ్వును లాక్కుంటుంది. సాక్యులినా వేళ్లు కూడా అదే లాక్కుంటాయి. ఆ లాగుడుకు తగ్గట్టు కొవ్వు తయారుచేస్తూ చేస్తూ మగ పీత ఒళ్లు ఆడదాని పద్ధతికి అలవాటుపడి, ఆ తర్వాత ఆకారం కూడా అటే తిరుగుతుందని అతని ఊహ. తెలివైన ఊహే. పరాన్నజీవిని అండాశయానికి బదులుగా నిలబెట్టడం వల్ల, పీత ఒళ్లు మోసపోయి చేసిన పనిగా మార్పును చూడగలిగాడు. కాని కొవ్వుకూ మడత వెడల్పుకూ మధ్య ఉండాల్సిన వంతెన కనిపించలేదు. దాన్ని ఇంకా పరీక్షించే అవకాశం స్మిత్‌కు దొరకలేదు. 1916లో సోమ్ యుద్ధంలో అతను చనిపోయాడు.

ఆ వంతెన నలభై ఏళ్ల తర్వాత మరో దారిలో వచ్చింది. 1947లో అమెరికాలో నీలి పీతను కోసి చూసిన యూజీన్ క్రోనిన్ వీర్యనాళానికి అంటుకుని ఉన్న ఒక చిన్న గ్రంథిని వర్ణించాడు, అదేం చేస్తుందో తెలియదు. 1954లో ఫ్రాన్స్‌లో ఎలెన్ షార్నియో కాటన్ ఒడ్డున ఇసుకలో గెంతే ఆర్కెస్టియా అనే చిన్న జీవిలో అలాంటి గ్రంథినే తీసి చూసింది. మగదానికి తీసేస్తే మగ గుర్తులు తిరిగి పెరగలేదు. ఆడదాని ఒంట్లో నాటితే అండాశయం వృషణంలా మారి మగ గుర్తులు వచ్చాయి. మనలాంటి వెన్నెముక ఉన్న జంతువుల్లోలా కాకుండా ఈ జాతిలో మగతనాన్ని నిర్ణయించేది వృషణం కాదు, దాని పక్కనున్న ఈ ఆండ్రోజెనిక్ గ్రంథి. జియార్ ఎదుట నిలబడిన ఎద్దు ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. 1950లు ముగిసేలోపే ఫ్రెంచి పరిశోధకులు వెయ్యే, గ్రాఫ్ రైజోసెఫలా సోకిన పీతల్లో ఆ గ్రంథి క్షీణించిపోయిందని చూపించారు. గ్రంథి లేకపోతే మగ ఆజ్ఞ లేదు. ఆజ్ఞ లేని ఒళ్లు తన దగ్గరున్న మరో నమూనా వైపు పోతుంది. మార్పు మెట్లుమెట్లుగా ఎందుకుందో కూడా దీనితో తేలింది. పెంకు బిగుసుకున్న పీత ఆకారం ఊరికే మారదు, కుబుసం విడిచినప్పుడే మారుతుంది. చిన్న వయసులో సోకితే సంచి బయటికి వచ్చేలోపు ఎన్నో కుబుసాలుంటాయి, ప్రతిసారీ మడత కొంత వెడల్పవుతుంది. పెద్దయ్యాక సోకితే ఆ అవకాశం తక్కువ. సంచి బయటపడ్డాక సాక్యులినా సోకిన పీత మామూలుగా కుబుసం విడవదు, ఆకారం అక్కడే ఆగిపోతుంది.

గ్రంథి ఒక్కటే కథంతా అయితే, సోకిన ఆడ పీత మాటేమిటని ఇక్కడ ఎవరైనా నిలదీయవచ్చు. దానికి ఆ గ్రంథి పనిచేసే స్థితిలో ఉండనే ఉండదు, మరి దాని మడత వయసుకు ముందే ఎందుకు వెడల్పవుతుంది? గ్రంథి తీసేసిన ఎదిగిన మగవాటిలో ఇంత మార్పు రాలేదు కదా? రెండూ బలమైన ప్రశ్నలే. వీటిని బట్టి పరాన్నజీవి ఉత్త విధ్వంసకారి కాదని, కుబుసాన్నీ ఎదుగుదలనూ నడిపే హార్మోన్ల మీద కూడా చెయ్యి వేస్తోందని ఒప్పుకోవాలి. వేళ్ల పోగులు నరాల ముద్దల్లోకి కూడా చొచ్చుకుపోతాయన్నది ఇప్పుడు చూసి రాసిన విషయమే. కాని దీనివల్ల నా వాదం బలహీనపడదు. లేత ఆడ పీతకు వచ్చే వెడల్పు మడత కూడా కొత్త అవయవమేం కాదు. అది ఎదిగాక తనకు రావాల్సినదే, తొందరగా వచ్చింది. మగదానిలో దాగి ఉన్నదీ, ఆడదానిలో రాబోయేదీ, రెండూ పీత నమూనాలే. పరాన్నజీవి చేసేది ఎప్పుడు, ఎంత అన్నది మార్చడం. రైజోసెఫలా సోకిన ఏ పీతకూ బార్నకిల్ అవయవం మొలవలేదు.

మరో అభ్యంతరం పరిణామవాదుల నుంచి వస్తుంది. వెడల్పు మడత సంచిని కాపాడుతోంది. సోకిన మగ పీత కూడా గుడ్ల పీతలా సంచిని శుభ్రం చేస్తుంది, పిల్లలు బయటికి వచ్చే వేళకు మడత ఆడించి నీటిలోకి తరుముతుంది. ఇంత ప్రయోజనం ఉన్నప్పుడు ఇదంతా పరాన్నజీవి తన కోసం మలచుకున్నదే అనరాదా, పీత నమూనా అని ఎందుకు నొక్కడం? మలచుకున్నదే కావచ్చు. 1982లో రిచర్డ్ డాకిన్స్ ఒక జీవి జన్యువుల ప్రభావం దాని ఒంటితో ఆగదని వాదించినప్పుడు ఇలాంటి పరాన్నజీవుల్నే పేర్కొన్నాడు. అయినా రైజోసెఫలా అన్నీ ఆతిథేయిని ఒకే మోతాదులో మార్చవు. నేపుల్స్ పొడుగు కాళ్ల పీతలో కొట్టొచ్చినట్టున్న మార్పు మరికొన్ని జాతుల్లో నామమాత్రం. తేడా పరాన్నజీవిలో ఎంత ఉందో ఆతిథేయి ఎదిగే తీరులో అంత ఉంది. కాబట్టి ప్రయోజనం ఎవరిదని అడిగితే పరాన్నజీవిది. ముడిసరుకు ఎవరిదని అడిగితే పీతది.

ఈ ముడిసరుకును పూర్తిగా బయటపెట్టిన ప్రయోగం మన చెరువుల్లో పెరిగే జీవి మీద జరిగింది. 1990ల చివర్లో, 2000ల మొదట్లో నెల్లూరు జిల్లా రైతులు విరివిగా పెంచిన నీలకంఠ రొయ్యలో మగవి ఆడవాటికంటే బాగా పెద్దవవుతాయి, అందుకే అన్నీ మగవే ఉన్న చెరువు కావాలన్నది రైతుకు ఎప్పటి కోరిక. ఇజ్రాయెల్‌లో అమిర్ సాగి బృందం ఆండ్రోజెనిక్ గ్రంథిలో తయారయ్యే ఇన్సులిన్ తరహా హార్మోన్ జన్యువును చిన్న మగ రొయ్యల్లో పనిచేయకుండా ఆపింది. ఆ రొయ్యలు ఆడవిగా ఎదిగి గుడ్లు పెట్టాయని 2012లో ప్రకటించింది. పుట్టుకతో మగవైన ఆ తల్లులకు మామూలు మగవాటితో పుట్టిన పిల్లలన్నీ మగవే. ఒకే ఒక్క ఆజ్ఞ ఆపితే మగ ఒళ్లు పూర్తిగా ఆడదయింది, పరాన్నజీవి లేకుండానే. 1906లో స్మిత్ చూసిన గుడ్లున్న వృషణం అసహజ వింత కాదని, పీత రొయ్యల ఒంటి అసలు స్వభావమని ఇంతకంటే తేటగా చెప్పే రుజువు అక్కర్లేదు.

పీత ఒళ్లే సాక్ష్యమన్నందుకు రాతిలో కూడా ఒక ఆధారం ఉంది. సాక్యులినాకు ఎముకగాని గుల్లగాని లేదు కాబట్టి అది శిలాజమయ్యే అవకాశం దాదాపు లేదు. కాని 1998లో రాడ్నీ ఫెల్డ్‌మన్ న్యూజిలాండ్‌లోని మయోసీన్ యుగపు రాళ్లలో దొరికిన టుమిడోకార్సినస్ అనే పెద్ద పీత శిలాజాల్లో ఆడదానిలా వెడల్పయిన మడత ఉన్న మగవాటిని గుర్తించి, ఇవి రైజోసెఫలా సోకినవని వాదించాడు. వ్యాధి వేరేదై ఉండొచ్చని శంకించవచ్చు, అయితే ఇలా ఆకారం మార్చే వాటిలో బాగా తెలిసింది ఇదే. పరాన్నజీవి ఎక్కడా మిగలకపోయినా అది చేసిన పని ఆతిథేయి పెంకు మీద మిగిలింది.

ఇవన్నీ ప్రయోగశాల ముచ్చట్లని వదిలేయడానికి వీల్లేదని పీతల వ్యాపారం చెబుతోంది. అమెరికాలోని మెక్సికో సింధుశాఖ తీరంలో లాక్సోథైలాకస్ అనే మరో రైజోసెఫలా సోకిన నీలి పీతలు గిడసబారిపోతాయి. అక్కడి చట్టం వెడల్పు 5 అంగుళాలు లేని పీతను తిరిగి నీళ్లలో వదిలేయమంటుంది. పిల్ల పీతలు ఎదగాలని పెట్టిన నియమం ఇది. ఇక ఎప్పటికీ ఎదగని, పరాన్నజీవిని మోసే పీతలు కూడా దాని కిందే క్షేమంగా నీళ్లలోకి పోతాయి. అదే సింధుశాఖ నుంచి ఆల్చిప్పలతోపాటు మరో లాక్సోథైలాకస్ చీసాపీక్ అఖాతానికి చేరింది. 1964లో అక్కడి చిన్న బురద పీతల్లో బయటపడింది. మరోపక్క కాలిఫోర్నియాలో ఐరోపా నుంచి వచ్చిపడిన పచ్చ పీతల్ని అణచడానికి సాక్యులినాను తెచ్చి వదలాలన్న ఆలోచన కూడా సాగింది. ముందు పరీక్షించినవాళ్లు 2005లో ఫలితాలు ప్రచురించారు: అది స్థానిక పీతల మీద కూడా వాలుతోంది, లోపలికి చొరబడుతోంది, అక్కడ ఎదగలేకపోయినా వాటికి హాని చేస్తోంది. ఆ ఆలోచన అక్కడితో ఆగడం మంచిదయింది.

మన తీరానికి ఇది దూరపు సంగతేమీ కాదు. తమిళనాడులోని పరంగిపేట రేవులో అమ్మకానికి వచ్చే పీతల్లో సాక్యులినా ఉన్నట్టు 2014లో పరిశోధన వెలువడింది. మన మడ అడవుల్లో దొరికే మండపీతల జాతికి ఉత్తర ఆస్ట్రేలియాలో లాక్సోథైలాకస్ సోకిందని 1995లోనే రాశారు. మన దగ్గర పీతల్ని ఆడవి, మగవిగా వేరుచేసేది మడత చూసే. సోకిన మగది ఆ లెక్కలో ఆడదాని కిందికి పోతుంది, చిన్నబోయిన పీత ధర లేక బుట్ట అడుగుకో నీళ్లలోకో పోతుంది. ఒక రేవులో ఆడ పీతలెన్ని, మగవెన్ని అన్న లెక్కను నమ్మి వేట మీద ఆంక్షలు పెట్టాలంటే ముందు ఆ లెక్క సరైనదై ఉండాలి. కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో లెక్కలు రాసే మత్స్యశాఖ సిబ్బంది, ప్రాజెక్టుల కోసం అక్కడికి వచ్చే జంతుశాస్త్ర విద్యార్థులు చేయాల్సింది ఒక్కటే. వెడల్పు మడత కనిపించగానే ఆడదని రాయకుండా, మడత ఎత్తి లోపల ఈకలున్నాయా, పుల్లలున్నాయా, సంచి ఉందా అని చూడండి. పుల్లలు ఉండి మడత వెడల్పుగా ఉంటే, కొలత, తేదీ, దొరికిన చోటు రాసి, ఆ పీతను నీళ్లలోకి విసరకుండా భద్రపరచండి.